పెరట్లో గంజాయి, గదిలో గంజాయి: వీసా మీదున్నవాడి పిట్స్‌ఫీల్డ్ ప్రయాణం

నాకు మొక్కల పిచ్చి. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో గోంగూర, దొండపాదు పెంచుతూ మా ఆవిడ చేత చీవాట్లు తింటుంటాను. నా పాత టీమ్ లీడ్ సత్యంగారు రిటైరయ్యాక మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో ఉంటున్నారు. నడుం ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు పడక, ఆటోఫ్లవర్ రకం గంజాయి పెంచుతున్నారని, పెరట్లో కొన్ని, గదిలో కొన్ని వేసి ఏది మేలో చూస్తున్నారని విని బయల్దేరాను. ఆ రాష్ట్రంలో ఇంటికి కొన్ని మొక్కలు పెంచుకోవచ్చు. పైగా ఆయన అమెరికన్ సిటిజన్. నేనింకా హెచ్‌వన్‌బీ వీసా మీదే ఉన్నాను, వచ్చే నెల హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్. కేంద్ర చట్టం ప్రకారం గంజాయి ఇప్పటికీ నేరమే, చూస్తే చూడు గాని చెయ్యి పెట్టకు అని వీసా లాయర్ గట్టిగా చెప్పాడు.

సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం ఏడింటికి కారు తీశాను. 287 హైవే ఎక్కి, న్యూయార్క్ త్రూవే మీదుగా టకానిక్ పార్క్‌వే పట్టుకుంటే మూడు గంటల లోపే చేరొచ్చు. టకానిక్ మీద లారీలు ఉండవు, పెట్రోలు బంకులూ తక్కువే, ముందే ట్యాంకు నింపుకోవడం మంచిది. దారిలో ఆపిల్స్ అమ్మే ఆవిడ, మధ్యాహ్నానికి వాన పట్టుకుంటుంది, చీకటి పడకముందే వెనక్కి తిరగమంది. సరేనని తలూపాను.

సత్యంగారి భార్య హాస్పిటల్ డ్యూటీకి వెళ్లారు. ఆయన ఉప్మా పెట్టి, తాళం వేసిన పెరటి గేటు తీశారు. మామూలు రకం పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. ఆటోఫ్లవర్‌కు ఆ లెక్క లేదు, వయసు రాగానే పూసేస్తుంది. అందుకే వేసవి పొట్టిగా ఉండే ఆ ఊళ్లో బయట పెంచడానికి అదే నయమట. పెరట్లోని మూడు మొక్కలూ పెద్ద కుండీల్లో, ఎండకు బలిసి, వాసనతో పెరడంతా నింపేశాయి. ఖర్చు దాదాపు ఏమీ లేదు గాని పురుగు, తేమ, వాన, అన్నిటికీ భయపడాలి. గదిలో టెంటు వేసి, లైటు, ఫ్యాను, వాసన పీల్చే ఫిల్టరు పెట్టారు. పూత శుభ్రంగా ఉంది, కరెంటు బిల్లు మాత్రం గూబ గుయ్యిమంటోందట. మొక్కలు కనిపిస్తే చిగురు తడమకుండా ఉండలేనివాణ్ని, చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాను.

టీ తాగుతుండగా వాన మొదలైంది. ఇంకో వారంలో కోతకొచ్చే పూత అది, తడిస్తే లోపల బూజు పట్టేస్తుంది. సత్యంగారు పరుగెత్తి కుండీ పట్టుకున్నారు. డాక్టరు బరువులెత్తొద్దన్న మనిషి. నేను వంగబోయాను.

"వద్దు శ్రీధర్. గంజాయి ముట్టుకున్నావా అని రేపు కాన్సులేట్‌లో అడిగితే ఏం చెప్తావ్? నువ్వా, అబద్ధమాడలేవు."

"మీ నడుం సార్."

"నా నడుం పోతే నాకే కదా. నీ వీసా పోతే పిల్లల స్కూలు, ఇల్లు, అన్నీ పోతాయ్. గొడుగు పట్టు చాలు."

గొడుగు పట్టాను. ఆయన ఒక కుండీ ఈడ్చారు, తర్వాత రెండోది. మూడోదాని దగ్గర గోడకు చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. దాన్నక్కడే వదిలేసి, ఆయన్ని పట్టుకుని సోఫా దాకా నడిపించాను. ఈ దేశం వచ్చాక నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

వారం తర్వాత ఆయన భార్య ఫోన్ చేశారు. వదిలేసిన మొక్కకు బూజు పట్టింది, ఆవిడే కోసి పారేశారట. సత్యంగారు ఇంకా మంచం దిగలేదు. నన్ను బాధపడొద్దని ఆయనే చెప్పమన్నారట. ఏది మేలని నన్నడిగితే, ఓపిక ఉన్నవాడికి పెరడు, డబ్బున్నవాడికి గది అంటాను. స్టాంపింగ్‌లో మొక్కల గురించి ఎవరూ అడగలేదు, రెండు నిమిషాల్లో పాస్‌పోర్ట్ తీసుకుని పంపించేశారు. బయటికొచ్చి చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడ్డాను.

ఇలాంటి మొక్కలు చూడ్డానికి ఎవరింటికైనా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్కటే సలహా. వీసా మీద ఉంటే, కుండీలు మోసే మనిషి ఇంకొకరు ఆ ఇంట్లో ఉన్న రోజే వెళ్లండి.