ఆఖరి వంతు కుర్రాడు

మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుతుంటే హాల్లోంచి మా అమ్మాయి కేక వినిపించింది. "డాడీ, యువర్ గై హూ ఆ? లాస్ట్ రౌండ్ ఆల్రెడీ!" సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఫోనులో అమెరికా ఫుట్‌బాల్ వాళ్ళ డ్రాఫ్టు చూస్తోంది. కాలేజీల్లో ఆడి బయటికొచ్చిన కుర్రాళ్ళని పెద్ద జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు అది. సింగపూర్‌లో పుట్టి పెరిగిన ఈ పిల్లకి ఆ పిచ్చి ఎలా పట్టిందని స్నేహితులు అడుగుతుంటారు. నిజానికి ఆ ఆట ఒక్కటైనా మా ఇంట్లో ఎవరూ మొదలంటా చూసి ఎరగం. ఏ జట్టు ఏ కుర్రాణ్ణి తీసుకుంటుందో ముందే ఊహించుకునే సరదా మాత్రం ఏటా తప్పదు. అది ఈ పిల్ల నా కడుపులో ఉండగా మొదలైంది కాబట్టి, ఉగ్గుపాలకన్నా ముందే అబ్బిందనుకోవాలి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా హడలిపోయిన రోజులు మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. ఆ గండం గట్టెక్కించడానికని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాళ్ళనల్లా విమానాలు ఎక్కించారు, అలాగే మా ఆయనా సింగపూర్ వచ్చారు, ఆయన వెనకాలే నేనూ వచ్చి సైన్స్ పార్కులో వెబ్‌సైట్లు కట్టే ఓ చిన్న కంపెనీలో చేరాను. తీరా ఆ సంవత్సరం రానే వచ్చింది, ఏ కంప్యూటరూ తలకిందులు కాలేదు, మా ఆయన పని మాత్రం అయిపోయింది. తీసుకొచ్చిన ఏజెన్సీ ఆయన్ని 'బెంచీ మీద' పెట్టింది. అంటే పనేమీ లేకుండా గదిలో కూర్చుని, ఏ కంపెనీ అయినా పిలిస్తే టై కట్టుకుని వెళ్ళి కనబడి రావడమన్నమాట. మా వాళ్ళు దాన్ని పెళ్ళిచూపులనేవారు. వెళ్ళినచోటల్లా కబురు చేస్తామంటారు, చేయరు. ఏప్రిల్ నెలాఖరులోగా ఎవరూ తీసుకోకపోతే ఇక్కడ పని చేయడానికిచ్చిన పాస్ రద్దు చేసి ఇండియా పంపించేస్తామని ఏజెన్సీ వాళ్ళు చెప్పేశారు. నాకప్పుడు మూడో నెల. ఆయన వెళ్ళిపోతే నేను ఒక్కదాన్నీ ఇక్కడ ఉండలేను, ఉన్న ఒక్క ఉద్యోగమూ వదులుకుని వెళ్ళనూలేను. ఆ మాట ఎత్తితే ఇద్దరికీ ఏడుపొస్తుందని ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

మేం ఉండేది పాసిర్ రిస్‌లో, ఒక ఫ్లాట్‌లో ఒక గదిలో. ఇంటావిడది తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ తెలుగులో సగం అరవం, మిగిలిన దాంట్లో సగం మలయ్, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' అనే తోక. "బాబూ, మకాన్ అయిందా?" అని రోజూ మధ్యాహ్నం మా ఆయన్ని పలకరించేది. భోజనం సంగతి ప్రేమగా అడగడమే అది. అయినా పనికి వెళ్ళాల్సిన వేళ ఇంట్లో ఉండాల్సి వచ్చిన మనిషికి ఆ పలకరింపు కూడా గుచ్చుకునేది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో నాకు ఈ డ్రాఫ్టు పని తగిలింది. అమెరికాలో రిటైరైన ఒక పెద్దాయనకి తన ఊరి జట్టంటే ప్రాణం. ఈసారి తమ జట్టు ఎవరెవర్ని తీసుకుంటుందో అభిమానులంతా ముందుగా ఊహించి పందెంలా రాసుకునే సైటొకటి కావాలన్నారు. ఆఫీసులో మా తెలుగువాళ్ళం ఆయన్ని తాతగారనే పిలుచుకునేవాళ్ళం. మాకు తెలిసిన ఎంపిక ఎంసెట్ కౌన్సెలింగ్ ఒక్కటే కదా! మంచి ర్యాంకు వాణ్ణి ముందు పిలుస్తారు, వాడు మంచి కాలేజీ కోరుకుంటాడు, మిగిలినవి మిగిలినవాళ్ళకి. అంతకన్నా న్యాయమైన పద్ధతి భూమ్మీద ఇంకొకటి ఉంటుందని మాకు తోచనే లేదు. అచ్చంగా అలాగే కట్టేశాను. మొదటి ర్యాంకు కుర్రాడు ముందుగా వచ్చి, పోయినేడు గెలిచిన జట్టులో సీటు కోరుకుంటాడు. సైటు పరీక్షించిన వాళ్ళూ ఎంసెట్ గుండా వచ్చినవాళ్ళే కాబట్టి వాళ్ళకీ తప్పు కనబడలేదు.

అది చూసి తాతగారు ఫోనులో దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత ఊపిరి తీసుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. అక్కడ కుర్రాడు జట్టును కోరుకోడు, జట్టే కుర్రాణ్ణి కోరుకుంటుందిట. అందులోనూ అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకే మొదటి వంతుట. గెలిచినవాళ్ళు అందరి తర్వాత. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే మా ఆయన చాలా రోజుల తర్వాత పకపకా నవ్వారు. నవ్వి, "ఓడినవాళ్ళని ముందు పిలుస్తారా! మనవాళ్ళకి ఎప్పుడూ తట్టలేదే ఇది," అన్నారు. ఆ మాటలో ఏముందో నాకు తెలుసు. సైటు సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి నాకు ఎలాగూ ఉత్తుత్తి జోస్యాలు కొన్ని కావాలి, అవి మీరు రాసిపెట్టండని కుర్రాళ్ళ వివరాలున్న కాగితాలు ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఏదో కాలక్షేపమవుతుందనుకున్నాను గానీ ఆయన ఏకంగా మునిగిపోయారు. మొదట్లో ఆయనా మా ఎంసెట్ బుద్ధితోనే మంచి మార్కులున్న కుర్రాళ్ళని ఏరి రాసేవారు. తాతగారు వాటిని చూసి, ఇలాంటివాళ్ళు మాకిప్పటికే ఇద్దరున్నారు, ఎవరు గొప్పని కాదు, మాకేం లోటో చూడండి అని జవాబు పంపారు. అప్పట్నుంచి మా ఆయన కుర్రాళ్ళని వదిలేసి జట్టు వెంటపడ్డారు. ఎవరికి వయసైపోయింది, ఎవరి మోకాలు విరిగింది, ఏ చోటు ఖాళీ కాబోతోంది అంటూ ఆ ముక్కూమొహం తెలియని జట్టు కష్టసుఖాలు అన్నం తింటూ నాకు ఏకరువు పెట్టేవారు.

ఆఖరి వంతుకి ఆయన రాసిన పేరు ఇంకెవ్వరూ రాయలేదు. అదేదో చిన్న ఊరి కాలేజీ కుర్రాడు. వంగుని, కాళ్ళ సందులోంచి బంతిని వెనక ఉన్నవాడి చేతికి సూటిగా విసరడం అతని పని. అతను పరిగెత్తడు, తన్నడు, మైదానంలో ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. ఇతనెందుకండీ అంటే, "అందరూ ఉరికేవాళ్ళ పేర్లే రాస్తున్నారు. వీళ్ళకి బంతి అందించేవాడు ముసలాడైపోయాడు, చూశావా? ఆ చోటికీ ఎవడో ఒకడు కావాలిగా," అన్నారు. నేను ఇంకో గరిటె పప్పు వడ్డించాను. ఆ కుర్రాణ్ణి తీసుకుంటే మా ఆయన ఇక్కడే ఉంటారని ఆ క్షణాన మనసులో గట్టిగా అనుకున్నాను. ఇంత చదువు చదివి ఇదేం నమ్మకమని మీరు నవ్వుకోవచ్చు. భయం పట్టుకున్నప్పుడు చదువు ఎటు పోతుందో తెలియదు.

అప్పట్లో కోబాల్ మాట దాచిపెట్టి, మూడు వారాల్లో నేర్చిన జావా అనే కొత్త భాష గురించే చెప్పమని ఏజెన్సీ అందరికీ నూరిపోసేది. తంజోంగ్ పగార్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసు నుంచి ఆయనకి ఆఖరి పిలుపు వచ్చింది, సోమవారం రమ్మన్నారు. అమెరికా డ్రాఫ్టు ముగిసేదీ మాకు ఆ పొద్దుటే. ఆఫీసుకి వెళ్ళగానే జాబితా తెరిచి, పై వంతులు వదిలేసి నేరుగా అడుక్కి వెళ్ళాను. ఆ కుర్రాడి పేరు లేదు. ఇంకోసారి చూశాను, లేదు.

సాయంత్రం ట్రైన్‌లో తంజోంగ్ పగార్ దగ్గర దిగిపోయాను. తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది, మా ఆయన నాకోసం టిష్యూ పొట్లం పెట్టి ఒక కుర్చీ చోప్ చేసి, అంటే ఆపిపెట్టి, ఎవరినీ కూర్చోనివ్వకుండా కాపలా కాస్తున్నారు. కూర్చుంటూనే "మీవాడు రాలేదండీ," అని బావురుమన్నాను. ఆయన రుమాలు ఇచ్చి, టీ నా వైపు జరిపి, తన సంగతి చెప్పారు. వాళ్ళు జావా గురించి అడిగితే పెద్దగా రాదని ఒప్పుకున్నారట. కోబాల్‌తో నడిచే మీ పాత సిస్టం ఎవరు చూస్తున్నారని ఈయనే ఎదురు ప్రశ్న వేశారట. అడిగినవాళ్ళు మొహమొహాలు చూసుకుని, త్వరలో రిటైరయ్యే ఒక చైనీస్ అంకుల్ని పిలిపిస్తే, ఆ అంకుల్ ఈయన్ని లోపలికి తీసుకెళ్ళి ఆ పాత కంప్యూటరంతా చూపించాడట. ఏమంటారో తెలియదు, కానీ మొదటిసారి అబద్ధం లేకుండా మాట్లాడి వచ్చానని అన్నారు. ఆ సంతోషం చూసి నా దుఃఖం ఇంకా ఎక్కువైంది.

మర్నాడు తాతగారి మెయిలొచ్చింది. జాబితా ముగిసిన కాసేపటికి వాళ్ళ జట్టే ఆ కుర్రాడి ఇంటికి ఫోను చేసి రమ్మందట. వంతుల్లో ఎవరూ తీసుకోని వాళ్ళకి కబుర్లు వెళ్ళేది అంతా అయిపోయాకేనట. పందెం లెక్కలో ఇది చెల్లదు గానీ, ఆట చూడనైనా చూడని మీ ఆయనకి ఇదెలా తెలిసిందని అడిగారు. గబగబా ఇంటికి ఫోను చేస్తే పెద్దమ్మ ఎత్తింది. "బాబు లేడమ్మా! ఓడల ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసినారు, జాయిన్ అవ్వమన్నారు లా. మకాన్ కూడా చేయకుండా పరిగెత్తినాడు!" నేను ఫోను పెట్టేసి, అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను.

ఆ కుర్రాడు కొన్నేళ్ళు ఆడి ఎటో వెళ్ళిపోయాడు. తాతగారు ఇప్పుడు లేరు, పెద్దమ్మా లేదు. మా ఆయన ఆ పాత సిస్టంతోనే ఉండి, దాన్ని తీసేసినప్పుడు తనూ రిటైరయ్యారు. ఇప్పుడు జోస్యాలన్నీ కంప్యూటరే చెప్పేస్తోంది. మా అమ్మాయి పని చేసే విభాగం మూసేసి రెండు నెలలైంది. ఎక్కడ దరఖాస్తు పెట్టినా టీ చల్లారేలోపే వద్దని జవాబు వచ్చేస్తుంది, పంపేది మనిషి కూడా కాదట. మీకేం లోటో చెప్పండి అని అడుగుదామన్నా ఎదురుగా ఎవరూ ఉండరు. మా రోజుల్లో కాదన్నవాళ్ళు కనీసం ఎదురుగా కూర్చోబెట్టుకుని మన మొహమైనా చూసేవాళ్ళు. అదొక భాగ్యమని ఇన్నాళ్ళకి తెలుస్తోంది.

ఆదివారం డ్రాఫ్టు అయిపోయింది. "ఫినిష్ లా డాడీ. యువర్ గై నాట్ ఇన్ ద లిస్ట్," అని మా అమ్మాయి ఫోను సోఫా మీదికి విసిరేసింది. ఆయన కాఫీ గుక్క మింగి, "లిస్టే కదమ్మా అయిపోయింది. ఫోన్లు ఇప్పుడే మొదలవుతాయి," అన్నారు. అమ్మాయి ఫోను తీసుకుని, మోగితే వినబడేలా సౌండు పెంచి, బల్ల మీద నాన్న కప్పు పక్కన పెట్టుకుని కూర్చుంది.