కడ్డీ వేస్తే గానీ నమ్మని గవరయ్య

గవరయ్య కంటితో చూసినదాన్ని నమ్మడు, చెవితో విన్నదాన్ని అసలే నమ్మడు. కడ్డీ ముంచి, పైకి తీసి, తడి ఎంతవరకు అంటిందో చూసుకుంటేనే నమ్ముతాడు. ఆయన ఉండే డాలీగంజ్ పేటలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఓడ అడుగున నూనె ట్యాంకులూ మంచినీళ్ళ ట్యాంకులూ ఉంటాయి. పూటపూటకీ వాటిలోకి ఇత్తడి కడ్డీ దించి, ఎంత ఉందో పైవాళ్ళకు చెప్పడమే ఆయన ఉద్యోగం. రిటైరైన రోజున శాలువా కప్పి, జ్ఞాపకంగా ఏం కావాలో కోరుకోమంటే కడ్డీ కోరుకున్నాడు. శాలువాని భార్య ఎర్రమ్మ బియ్యం డబ్బా మీద కప్పింది. కడ్డీ మాత్రం ఆయన చెయ్యి దిగలేదు.

పొద్దున్నే పాలగిన్నెలో పడేది ఆ కడ్డీయే.

"ఆరున్నర సెంటీమీటర్లు. ఇద్దరికీ రెండేసి టీలు, తోడుకి సెంచాడు."

"ఆ కడ్డీ నిన్న డీజిల్లో ముంచినావు కదా?" అనేది ఎర్రమ్మ.

"కడిగినాను."

"దేంతోటి?"

"కిరసనాయిలుతోటి."

ఆటో నడిపే నూకన్న కూతురి పెళ్ళిలో, అక్షింతలు వేయకముందే వెళ్ళి సాంబారు గుండిగలో కడ్డీ దించాడు. "మూడో బంతికి సాలదు" అన్నాడు. వంటవాడు గరిటె ఎత్తాడు. మూడో బంతిలో నూకన్న వియ్యంకుడి విస్తరి దాకా వచ్చేసరికి సాంబారు అయిపోయింది. అప్పటినుంచి డాలీగంజ్‌లో ఏ పెళ్ళికి పిలిచినా, "కడ్డీతో సహా రావాలి బాబాయ్" అనే పిలుస్తున్నారు.

ఇంటి పక్క షెడ్డులో కార్లు బాగు చేయడం ఆయనకు రిటైరయ్యాక అబ్బిన పని. ఆ షెడ్డుకే ఏప్రిల్ ఒకటో తారీకున కనకలక్ష్మి తన పాత మారుతిని తెచ్చింది.

కనకలక్ష్మి కాకినాడ పిల్ల. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద ఈ దీవులకు వచ్చి ఎనిమిది నెలలైంది. బ్రాంచి ఫెర్రీ దాటి వెళ్ళాల్సిన బాంబూఫ్లాట్‌లో, అద్దె గది డాలీగంజ్‌లో. సహజంగానే మాటలు తక్కువ, అందులోనూ ఇక్కడ హిందీలో మాట్లాడాలి. ఆమె మనసులో ఒక వాక్యం కూర్చుకునే లోపల ఎదుటివాళ్ళు ఇంకో విషయానికి వెళ్ళిపోయేవారు. ఒక ఆదివారం పడుకోబోతూ లెక్క వేసుకుంటే, ఆ రోజంతా తన నోటినుంచి వచ్చినవి మూడే మాటలని తేలింది: "అర డజను గుడ్లు." బస్సులో పక్కవాళ్ళు పలకరిస్తారేమోనని ఒక భయం, పలకరించరేమోనని ఇంకో భయం. రెండూ పడలేకే ఆ కారు కొనుక్కుంది.

కారులో పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉండేది. పోసినా సగమే, పోయకపోయినా సగమే. అచ్చులో కనిపించేదాన్ని నమ్మే అలవాటున్న కనకలక్ష్మి దాన్నీ నమ్మింది. మార్చి ఆఖరు వారంలో ఒక పొద్దున చాథం జెట్టీలో కారు ఫెర్రీ ఎక్కుతూ ఎక్కుతూ పెట్రోలు అయిపోయి ఆగిపోయింది. ముందు చక్రాలు ఫెర్రీలో, వెనక చక్రాలు ఒడ్డున. వెనక ఇరవై స్కూటర్లు హారన్లు మోగిస్తున్నాయి. ఫెర్రీలో పనిచేసే లస్కర్లు నలుగురు వచ్చి తోశారు. కారు కదల్లేదు. ఇంకో నలుగురు వచ్చారు. చివరికి ఒకతను కిటికీలోకి వంగి ఎంతో మర్యాదగా, "దీదీ, హ్యాండ్‌బ్రేక్" అన్నాడు.

సాయంత్రానికల్లా ఆమె బాంబూఫ్లాట్ మొత్తానికి పెట్రోల్ దీదీ అయిపోయింది. పాస్‌బుక్కు చేతికిస్తూ, "పెట్రోల్ హై న, దీదీ?" అని అడగని ఖాతాదారు లేడు. ఆమె గదికి వచ్చి తలుపు వేసుకుని, కాకినాడకు తిరిగి బదిలీ కోరుతూ దరఖాస్తు నింపింది. అది ఏప్రిల్ ముప్పై సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వాలి. ఈలోగా కారు అమ్మేయాలి. అబర్డీన్ బజార్‌లో హార్డ్‌వేర్ షాపున్న మణికుమార్ కొంటానన్నాడు, మీటర్ పనిచేస్తేనే.

"ముల్లు ఏటంటాది?" అని అడిగాడు గవరయ్య.

"సగం అంటుందండీ."

"నువ్వేటంటావు?"

"నాకు తెలీదండీ."

"ముల్లుకీ తెలీదు. నువ్వు ఒప్పుకున్నావు, అది ఒప్పుకోదు."

వెనక సీటు ఎత్తి, కింద ఉన్న గుండ్రటి మూత తీశాడు. ట్యాంకులోకి వెళ్ళే తీగ ఊడదీసి, "ముల్లు సూడు" అన్నాడు. ముల్లు సున్నాకి పడిపోయింది. తీగ కొసని బండి ఇనుముకి ఆనించాడు. ముల్లు నిండుగా ఎగిరింది.

"అంటే మీటర్ మంచిదే. తీగా మంచిదే. రోగం ట్యాంకులో ఉంది" అని, షెడ్డు గుమ్మంలో కూర్చున్న ఆటో నూకన్న వైపు తిరిగాడు. "నూకన్నా, బీడీ."

"ఆర్పేసినాను బాబాయ్."

"ఆర్పినావో లేదో నాకు తెలీదు. ఇరవై అడుగులు ఎనక్కి ఎల్లి కూకో."

పెట్రోలు మీద తేలే బెండునీ, దాని చేతినీ బయటికి తీసి చూపించాడు. ఎవరో బండిని ఏడాదిపాటు కదపకుండా నిలబెట్టేసినట్టున్నారు. ఉప్పుగాలికి ఆ చెయ్యి తుప్పుపట్టి సగం దగ్గర బిగిసిపోయింది. దాన్ని రుద్ది, కడిగి, ఆడించి మళ్ళీ బిగించాడు. కడ్డీ దించాడు. నాలుగు సెంటీమీటర్లు. ముల్లు సున్నాకి కాస్త పైన నిలబడింది.

"అయిపోయినట్టేనా బాబాయ్ గారూ?"

"అయిపోడమేటి బేటీ? ఇక్కడ నిజం సెప్పింది, సగం దగ్గర సెప్తాదని ఏటి నమ్మకం? నిండు కాడినించి ఎండే దాకా అన్ని మెట్లూ సూడాల. రోజూ సాయంత్రం ఒకపాలి తే."

అలా రోజూ ఆరింటికి కారు షెడ్డుకు వెళ్ళడం మొదలైంది. కడ్డీ దించే ముందు అక్కడున్నవాళ్ళంతా ఎంత ఉందో చెప్పాలి. ఎర్రమ్మ టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, తనూ ఒక అంకె చెప్పి పోయేది. నూకన్న ఇరవై అడుగుల దూరం నుంచే అరిచేవాడు. భార్య పోయిన దానయ్య అనే పెద్దాయన ఎప్పుడూ "పది" అనేవాడు, ఎప్పుడో ఒకప్పుడు నిజం కాకపోతుందా అని.

మొదటి రోజు కనకలక్ష్మి "పన్నెండేమో" అని గొణిగింది. వారానికి గొంతు పెరిగింది. రెండు వారాలకు, "నూకన్న గారూ, నేను ఇవాళ పోయించిన పెట్రోలు మీరు మర్చిపోయి చెబుతున్నారు" అంది.

"పెట్రోల్ దీదీకి తెలీకపోతే ఇంకెవులికి తెలస్తాది" అన్నాడు నూకన్న.

అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్ళలో తనూ ఉందని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆ తర్వాత రోజు ఫెర్రీ కథ తనే చెప్పింది. లస్కరు వంగిన తీరు లేచి నిలబడి చేసి చూపించింది. దానయ్యకు పొలమారింది.

కానీ మణికుమార్ ఫోన్లు ఆగలేదు. "మేడం, మీటర్ హువా క్యా? బాగైందా?" గవరయ్యను అడిగితే, "ముప్పావు కాడ ముల్లు కొంచెం నీలుగుతున్నాది" అనేవాడు. ఇరవై తొమ్మిదో తారీకున ఆమెకు ఓపిక పోయింది. షెడ్డులో గవరయ్య లేడు. దానయ్య ఇంటి నీళ్ళ ట్యాంకు కొలవడానికి వెళ్ళాడట.

"పిన్నీ, నా బండి అసలు ఎప్పటికి అవుతుందండీ?"

"ఏ బండి? అది తెచ్చిన రోజే అయిపోనాది" అంది ఎర్రమ్మ, బట్టలు ఆరేస్తూ.

"తెచ్చిన రోజేనా?" అంది కనకలక్ష్మి.

"మా ట్యాంకులో సుక్క లేక మూడ్రోజులైనాది. ఈయన సూసినాడా? దానయ్య ట్యాంకు కొలస్తాడు. సరోజిని టీచరుది కొలస్తాడు. కొండ మీద లక్ష్ముడు తాతది కొలస్తాడు. అందరూ ఒంటిగా ఉన్నోళ్ళే. ఎంతుందని అడగడానికెల్లి అరగంట కూకుంటాడు." క్లిప్పు పెట్టి, గొంతు తగ్గించింది. "ఓడ అడుగున ఒక్కడే ఉండేవోడు. పూటకోపాలి పైనించి ఫోను సేసి 'ఎంతుంది' అనేవోరంట. ఆ ఒక్క మాట కోసం సూస్తా ఉండేవోణ్ణని పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకి సెప్పినాడు. అదీ ఒక్కపాలే."

కనకలక్ష్మికి ముందు సిగ్గు వేసింది. తన ఒంటరితనం ఇంత దూరానికి కనిపించిందా అని. కోపం తెచ్చుకుందామనుకుంటే అది సరిగ్గా రాలేదు. ఇంతలో గవరయ్య వచ్చాడు.

"బాబాయ్ గారూ, నా బండి మొదటి రోజే బాగైందట."

"ఎవులు సెప్పినారు?"

"పిన్ని."

"ఆవిడ కడ్డీ వేసి సూసిందా?"

ఎర్రమ్మ చూసిన చూపుకి ఆయన తల దించుకున్నాడు. "తప్పే బేటీ. ఎల్లేవోళ్ళని ఆపకూడదు. మణికుమార్ని రేపు రమ్మను. ముల్లు నిజమని నేనే సెప్తాను."

మర్నాడు సాయంత్రం ఆరున్నరకు మణికుమార్ వచ్చాడు. నూకన్న, దానయ్య అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఎవరూ అంకె చెప్పలేదు. గవరయ్య కడ్డీ దించి తీశాడు. చాలాసేపు చూశాడు.

"పది. ముల్లు సగమంటంది. నిజమే సెప్తంది" అన్నాడు, సొంత కూతురిని అప్పగింతలు పెడుతున్నవాడిలా. ఆయన ఒక ముల్లు మాట ఒప్పుకోవడం డాలీగంజ్‌లో ఎవరూ ఎరగరు.

మణికుమార్ తాళాల కోసం చెయ్యి చాపాడు.

"ఇంకొక్కటి చూడాలండీ" అంది కనకలక్ష్మి. "వానల్లో తేమకి ముల్లు ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు."

"బారిష్? మేడం, ఇక్కడ మేలో మొదలైతే డిసెంబరు దాకా వానే కదా."

"అవునండీ."

"నా పనికి వంక పెడతన్నావా బేటీ?" గవరయ్యకు నిజంగానే రోషం వచ్చింది. "వానకీ దానికీ ఏటి సంబంధం?"

"పెడుతున్నానండీ. రోజూ కొలిచి చూపించండి, అప్పుడు నమ్ముతాను."

మణికుమార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి మీ ట్రాన్స్‌ఫర్?"

"దాని గడువు ఐదింటికే అయిపోయిందండీ, దరఖాస్తు ఇంకా నా సంచిలోనే ఉంది. మీరు కూర్చోండి, టీ తెస్తాను" అని, ఎర్రమ్మను అడగకుండానే కనకలక్ష్మి వంటింట్లోకి నడిచింది.