తాతమ్మ డోలీ ఎక్కనంది

మా అత్త పేరు తాతమ్మ. ఆవిడ ఫోనులో మాట్లాడుతుంటే మా వీధిలో సగం మందికి వినపడుతుంది. అవతలి మనిషి విశాఖపట్నంలో ఉన్నా సరే, ఫోనుతో పనిలేకుండానే వినిపించాలన్నంత గట్టిగా అరుస్తుంది.

"ఏటి బాబూ, ఎంతమందొస్తారు? ఆయాసమున్నోళ్ళెవులు? గుంటలున్నారా, సిన్నపిల్లలు? సెప్పులు కాదు, బూట్లేసుకు రండి. సోకులు తరవాత సూసుకుందాం!"

ఇదీ మా వ్యాపారం మొదలయ్యే తీరు. కోటబొమ్మాళి స్టేషన్లో రైలు దిగినవాళ్ళని మా ఆయన శివాజీ వ్యానులో ఎక్కించుకుని, మెళియాపుట్టి అవతల కొండల్లోని జలపాతాలకి నడిపించి తీసుకెళ్తాడు. వంట నాది. వచ్చినవాళ్ళ అలకలు తీర్చడమూ నాదే, నా ఖర్మ. ఏ రోజు, ఎవరిని, ఏ గెడ్డకి, ఏ దారిన అన్నది మాత్రం మా అత్త చెప్పాల్సిందే. కొండవాగుని మేం గెడ్డ అంటాం. వర్షం పడిన మర్నాడు ఏ గెడ్డ దాటకూడదో, పిల్లలున్నవాళ్ళని ఎక్కడిదాకా తీసుకెళ్ళాలో గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చునే తేల్చేస్తుంది.

మేం సముద్రం ఒడ్డువాళ్ళం. మావ గంగులు వేటకెళ్తే, అత్త ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని కొండ సంతలకి వెళ్ళేది. వయసంతా ఆ దారుల్లోనే నడిచింది. అందుకే ఆవిడ చెప్పే ఆగే చోట్లు విచిత్రంగా ఉంటాయి. నీడ చూడదు, అందం చూడదు. భుజం ఎత్తు బండరాయి ఉండాలి. పట్టేవాళ్ళు లేకపోయినా ఒంటిమనిషి తట్ట దించుకోవాలంటే అలాంటి రాయే కావాలట. ఇప్పుడు సాఫ్టువేరు పిల్లలు ఆ రాళ్ళకే ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు.

మొదట్లో ఒక చిక్కు వచ్చిపడింది. అత్త "పూట నడక" అని చెప్పిన చోటికి జనం టిఫిన్లు అరిగేలోపే చేరిపోయి, అన్నం ఏదమ్మా అని నా మీద పడేవారు. పొయ్యి కూడా వెలిగించని నేను నోరెళ్ళబెట్టేదాన్ని. తర్వాత తెలిసింది, ఆవిడ చెప్పేది నిండు తట్ట మోసే మనిషి నడక అని! "ఉత్త సేతుల్తో కొండెక్కడం నాకేటి తెలుస్తాదే అరుణశ్రీ?" అని నా మీదే ఎగిరింది.

ఇన్ని చెప్పే మనిషి ఒక్క జలపాతమైనా చూడలేదంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు.

"సంత ఒకపక్క, గెడ్డ పడేది ఇంకోపక్క. నీళ్ళు సూస్తా కూకుంటే సరుకెవులు కొంటారే? సీకటి పడకముందే ఇంటికి రావాల. పిల్లలు ఎదురుసూస్తుంటారు."

ఇప్పుడు తీరిక ఉంది, మోకాళ్ళు లేవు. మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరుగారు చెప్పేశారు. అందుకని వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు వ్యాను దగ్గర నిలబడి అందరినీ ఒకటే అడుగుతుంది. "సప్పుడెలాగుంటాది బాబూ?" ఒకరు నవ్వుతారు, ఒకరు సెల్లులో వీడియో పెడతారు. మొన్న ఒకాయన "సూపరాంటీ!" అని వ్యానెక్కి తలుపు వేసుకున్నాడు. అత్త ఆ తలుపు వంకే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. ఊరందరినీ తీసుకెళ్ళి చూపిస్తూ, ఇంట్లో మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టిన మా మీద.

"కార్తీకంలో ఒక ఆదివారం బేరాలు ఒప్పుకోం. అత్తని తీసుకెళ్తన్నాం," అని ఆ పూటే తేల్చి చెప్పాను. శివాజీ తల గోక్కున్నాడు. మావ మాత్రం వల అల్లుతూ అల్లుతూ ఆగాడు. "తీసుకెల్లండమ్మా. ఈ ఏడు మెట్లెక్కనేకపోతంది, పైఏడు మంచం దిగుతాదో నేదో. నాను సెప్తే తిడతాది. నువ్వైతే దానికి సరిపోతావు," అన్నాడు. పొగిడాడో తిట్టాడో నాకిప్పటికీ తెలియదు.

గంగరేగిగూడలో ఉండే నారాయణమ్మకి ఫోను చేశాను. అత్త సంతకెళ్ళే రోజుల నుంచీ స్నేహం, ఒకరినొకరు వదినా అనుకుంటారు. మేం తీసుకెళ్ళేవాళ్ళకి కొండమీద దారి చూపించేదీ ఆవిడ కుటుంబమే. సంగతి చెబితే, "నువ్వు మనిసిని తీసుకురా కోడలా. మిగతాది మాకొగ్గీ," అంది.

ఆ ఆదివారం గంగరేగిగూడలో వ్యాను ఆగేసరికి నారాయణమ్మ, ఆవిడ కూతురు శైలజ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు ఎదురొచ్చారు. వాళ్ళ వెనక అరుగు మీద డోలీ సిద్ధంగా ఉంది. పొడవాటి వెదురుకర్రకి ఉతికిన దుప్పటి ఉయ్యాలలా కట్టారు. లోపల దిండు కూడా పెట్టారు. నేను సంబరంగా చప్పట్లు కొట్టబోయి, అత్త ముఖం చూసి ఆగిపోయాను.

"నానెక్కను."

"ఏటత్తా, అంత ప్రేమగా..."

"నోర్ముయ్! ఇదేటి రంగులరాట్నమా సరదాకెక్కడానికి? నొప్పులొచ్చినోళ్ళనీ, జొరమొచ్చి తెలివి తప్పినోళ్ళనీ మోసే డోలీ ఇది. నా కళ్ళతో సూసాను. దీంట్లో కిందికి దిగినోళ్ళందరూ మల్లీ పైకి రానేదు. అలాటి దాంట్లో కాలుమీద కాలేసుకుని నాను నీళ్ళు సూడ్డానికెల్తానా? సిగ్గునేదేటి నాకు?"

"మరెలాగెల్తావు? ఎగిరెల్తావా?" అన్నాను. కోపంగానే అన్నాను. ఇంతదాకా వచ్చి వెనక్కి తిరిగితే ఈ జన్మకి ఇంక లేదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అయినా వ్యాను వైపు తిరిగింది.

నారాయణమ్మ వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఆ రోజు గేపకమున్నాదా? మగోళ్ళంతా సంతకి దిగిపోనారు. నాకేమో తెల్లారగట్లనించీ నొప్పులు. మా అత్తా, మా తోడికోడలూ కర్ర పట్టారు. సగం దారిలో మా అత్త కూలబడిపోనాది. అప్పుడు నువ్వు ఎదురొచ్చావు."

"అదంతా ఇప్పుడెందుకే?" అత్త ముఖం పక్కకి తిప్పుకుంది.

"నువ్వు మరిసిపోతే పో. నానెలా మరిసిపోతాను? తట్ట దారిపక్కన పడేసి కర్రకింద బుజమెట్టావు. రోడ్డుమీద జీపు దొరికేదాకా దించనేదు. నీ సేపలన్నీ కుక్కలు తినేసినాయి."

నేనూ శివాజీ ముఖాలు చూసుకున్నాం. మా ఇంట్లో ఆ తట్ట కథ వేరు. మోకాల్లోతు గెడ్డలో తట్ట పోగొట్టుకుందని, సముద్రం ఒడ్డున పుట్టి ఇదేం సిగ్గుచేటని మావ ఇప్పటికీ చుట్టాల ముందు ఏడిపిస్తాడు. ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు. అంత నోరున్న మనిషి!

"ఇందులో దిగినోళ్ళు రానేదంటావు," అంది నారాయణమ్మ. "నాను దిగాను. వచ్చాను. ఇదిగో, ఇది కూడా వచ్చింది." శైలజని ముందుకు తోసింది.

శైలజకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. సూటిగా మాట్లాడే మనిషి. "అత్తా, ఇప్పుడు మాకు రోడ్డొచ్చింది. అంబులెన్సు గుమ్మంలోకొస్తాది. ఈ కర్ర అటకమీద పడుంది. దీన్ని ఎప్పుడు దించినా మా ఊళ్ళో ఏడుపే. ఈ రోజే నవ్వుకుంటా దించాం. ఎక్కవా మరి?"

అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, నన్నొకసారి గుర్రుగా చూసి, వెళ్ళి డోలీలో కూర్చుంది.

"మెల్లగా మొయ్యండి. నాను నెత్తళ్ళ సేపల తట్టని కాదు."

శైలజ ముందు కర్ర పట్టింది. కుర్రాళ్ళూ శివాజీ మార్చుకుంటూ మోశారు. నారాయణమ్మ డోలీ అంచు పట్టుకుని పక్కనే నడిచింది. ప్రతి ఎత్తురాయి దగ్గరా "దించండి, దించండి, పిల్లలు అలిసిపోనారు" అని అత్త గోల. మోసేవాళ్ళకి అలుపు లేదు, ఆవిడకే ఉంది. వెనక సంచులు మోస్తూ నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి? ఇలాంటి మనిషి ఇంట్లో కోడలినైనందుకు ఏడ్చాను.

నీళ్ళు కనపడకముందే అత్త చెయ్యెత్తి అందరినీ ఆపింది. కళ్ళు మూసుకుని వింది.

"ఇదా సప్పుడు! మన సముద్రం వస్తాది, పోతాది, మద్దిలో ఊపిరి తీసుకుంటాది. దీనికి ఊపిరే అక్కర్నేదే అరుణశ్రీ!"

మలుపు తిరిగితే జలపాతం. అత్త దిగింది. నేనొకపక్క, శైలజ ఒకపక్క పట్టుకుంటే తుంపర్లు పడే చోట నిలబడింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. రెండు చేతులూ జోడించింది.

"ఇన్నాళ్ళూ ఈ కొండే నాకు కూడెట్టింది. దీని మొకం ఇయ్యాల సూసాను. సల్లగుండండర్రా, మీరంతా సల్లగుండండి."

నెత్తళ్ళ వేపుడుతో అన్నాలు తిన్నాం. అత్త నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని బండమీద కూర్చుని, డోలీ వైపు చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి, "ఒసే నారాయణమ్మా, రా, ఎక్కు," అంది.

"నాకెందుకొదినా? నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

"అప్పుడెక్కావు గదా. దారిలో ఏటి సూసావు?"

"ఏటి సూస్తాను? సచ్చిపోతన్నాననుకుని కళ్ళు మూసుకునున్నాను."

"అయితే రా."

వద్దు వద్దంటున్నా శైలజ తల్లిని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ముందు తను, వెనక శివాజీ కర్ర భుజాన వేసుకుని నీళ్ళ పక్కనే నిలబడ్డారు. అత్త బండమీంచి లేచి, నా భుజం పట్టుకుని వచ్చి, డోలీని ఉయ్యాలలా ఒక్క తోపు తోసింది. నారాయణమ్మ చిన్నపిల్లలా కేకలు పెడుతూ, పడిపడి నవ్వుతూ "దించండర్రా, దించండి!" అని అరుస్తోంది.

అత్త మళ్ళీ తోసింది. "కళ్ళు ముయ్యకే! సూడు, సూడు!"