బాగున్నప్పుడు దొరకని జబ్బు

మా మామ పోయాడన్న కబురు చుట్టాలందరికీ ఫోనులో అందింది. నాకు మాత్రం ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆయన పోయినప్పుడు నేను ఆయనకు ఎదురుగా, నా కారు డ్రైవరు సీట్లో కూర్చొని ఉన్నాను. మధ్యలో లేపిన బానెట్ ఒక్కటే అడ్డం.

మామ మా అమ్మకు తమ్ముడు. తమిళనాడు ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు మీద రేకుల షెడ్డులో కార్లకు కరెంటు పని చేసేవాడు. ఒకసారి స్టార్టయి, ఒకసారి మొండికేసే బండ్లన్నీ చివరికి ఆయన దగ్గరికే చేరేవి. షెడ్డుకు వచ్చాక మాత్రం అవి బుద్ధిమంతుల్లా తాళం తిప్పీ తిప్పగానే స్టార్టయ్యేవి. అప్పుడాయన బానెట్ కూడా ఎత్తేవాడు కాదు.

"బాగున్నప్పుడు ఎతికితే జబ్బు దొరకదప్పా. ఇంటికి తోలుకొని పో. మళ్ళీ మొండికేస్తే దేన్నీ ముట్టుకోకుండా, తొయ్యకుండా నాకు ఫోను చెయ్. ఆడికే వస్తా," అని పంపేసేవాడు.

అన్నట్టే వెళ్ళేవాడు. నా కారుకు బాడుగలు లేని రోజున తాళం తిప్పడానికి నన్ను తీసుకుపోయేవాడు. తిప్పగానే ఆయన బ్యాటరీకి తగిలించిన టెస్ట్ లైటు ఆరిపోతే బ్యాటరీ మీది వైర్ల బిగింపు చూడాలి. లైటు వెలుగుతూనే టిక్కుమని ఊరుకుంటే సెల్ఫ్ మోటారు. టిక్కు కూడా లేకపోతే తాళం నుంచి వచ్చే వైరు. ఆయన "తిప్పు" అంటేనే తిప్పాలి. అనేదాకా సీట్లో మెదలకూడదు. కుదుపుకు జబ్బు దాక్కుంటుందట.

దగ్గర్లోని వత్తల్‌మలై కొండ వాళ్ళు అలాంటి బండికి పేయి, అంటే దయ్యం, పట్టిందని నిమ్మకాయలు కట్టేవాళ్ళు. మామ వాటిని విప్పేవాడు కాదు. "ఉండనీలే అల్లుడా, నిమ్మకాయేమన్నా కరెంటు తాగుతాదా?" అని నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

కొన్నాళ్ళుగా ఆయన గుండె ఉన్నట్టుండి తడబడేది, కళ్ళకు చీకట్లు కమ్మేవి. ఆస్పత్రిలో తీగలు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే వచ్చేది. ఒక రోజంతా ఒంటికి మిషను కట్టుకొని ఉండమన్నాడు డాక్టరు. అత్త రోజూ పోరేది. "ఈ నాలుగు బండ్లు కానీ," అంటూ ఈయన జరుపుకుంటూ వచ్చాడు. ఊరి బండ్లకు చెప్పిన మాట తన గుండెకు చెప్పుకోలేదని నాకు ఇప్పటికీ కోపం.

ఆ రోజు మామా అత్తా నేనూ నా కారులో ఆ కొండ మీద చుట్టాలింటికి వెళ్ళి దిగుతూ, నీళ్ళు తాగడానికి ఒక మలుపులో ఆగాం. కొన్నాళ్ళుగా అప్పుడప్పుడూ మొండికేస్తూ, షెడ్డులో మాత్రం బుద్ధిగా ఉండే నా కారు మళ్ళీ స్టార్టు కాలేదు. మామ ముఖం వెలిగిపోయింది. "దొరికినాడు దొంగ! కదలబాక," అంటూ బానెట్ ఎత్తాడు.

నేను తాళం పట్టుకొని కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. ఒక్క పక్షి కూడా పలకడం లేదు. బానెట్ కింది సందులోంచి ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు. ఆలోచిస్తున్నాడనుకున్నాను. ఆయన ఆలోచన ఎప్పుడూ నిదానమే. నేనూ కదలలేదు.

"ఏంది, ఇంతసేపు సద్దే లేదు?" అంటూ రాయి మీద కూర్చున్న అత్త లేచింది. అటు వెళ్ళి చూసి, నన్ను కేకేసింది.

ఆయన ఇంజను మీదికి ఒరిగి ఉన్నాడు. గుప్పిట్లో ఒక వైరు ఉంది. జబ్బు దొరికే ఉంటుంది. వేళ్ళు విడదీసి ఆయనను వెనక సీట్లో పడుకోబెట్టే తొందరలో అది ఏ వైరో నేను చూసుకోలేదు.

బానెట్ దించి తాళం తిప్పాను. ఎవరూ తిప్పమనలేదు. కారు ఒక్క తిప్పుకే అందుకుంది. 

ఆస్పత్రి ముందు డాక్టరు వెనక తలుపు తీసి చూసి, తల అడ్డంగా ఊపాడు. నేను తాళం మీద చెయ్యి వేశాను.

"ఆపొద్దు నాయనా," అంది అత్త, ఆయన తలను ఒళ్ళోంచి దించకుండా. "ఆపితే మళ్ళీ పట్టదు."

చెయ్యి తీసేశాను. ఆయనను దించి లోపలికి మోసుకుపోయారు. అత్త వెంట వెళ్ళింది. ఎండలో, తలుపులన్నీ బార్లా తెరుచుకొని, లోపల ఎవరూ లేని ఆ బండి సన్నగా వణుకుతూ నడుస్తూనే ఉంది.