గచ్చు మీద వాలితే అలారం

2024 ఎండాకాలం. తెనాలిలో ఒక హోమ్ కేర్ సంస్థలో నర్సుగా చేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకోవడం మా పని. ఆ ఏడు మావాళ్లు రోబోలు దించారు. ఒక్కోటి నడుమెత్తున ఉండి చక్రాల మీద తిరుగుతుంది, మందుల వేళ చెబుతుంది, మనిషి పడిపోతే కెమెరాతో పసిగట్టి ఆఫీసుకు కబురు పంపుతుంది. దీన్ని ఫాల్ అలర్ట్ అంటారు. మొదటిది రేపల్లెలో నాగరత్నమ్మ ఇంట్లో పెట్టారు.

ఒకప్పుడు రేవు నుంచి చేపలు తెచ్చి ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆమె. పక్షవాతంతో ఎడమ పక్క పట్టు తప్పితే, నెలల తరబడి నేనే వ్యాయామాలు చేయించాను. గోడ పట్టుకుని నేల మీద కూర్చోవడం, మళ్లీ తనంతట తాను లేవడం వచ్చేసింది. కూతురు పద్మ చేపల మార్కెట్‌కు వెళ్లిపోయినా పగలంతా ఒక్కతే ఉండగలిగేది అందువల్లే.

రోబో వచ్చాక నన్ను బాపట్ల కేసులకు మార్చారు. కొన్నాళ్లకు పద్మ ఫోన్ చేసింది.

"అక్కా, మా అమ్మ రోజూ పడిపోతందంట! మీవాళ్లొచ్చి మంచానికి కడ్డీలు బిగించిపోయారు. కాళ్లు కొయ్యబారిపోతన్నాయక్కా."

నాగరత్నమ్మ పడిపోవడమేంటి? వెంటనే బస్సెక్కాను. మంచానికి రెండు పక్కలా బెడ్ రైల్స్, అంటే రోగి దొర్లిపడకుండా బిగించే ఇనుప కడ్డీలు. మధ్యలో ఆమె. నన్ను చూసి ఏడ్చేసింది.

"అన్నం తిని గచ్చు మీద నడుం వాల్చానే అమ్మాయ్. ఈ ఎండల్లో మంచమెక్కుతారా ఎవరన్నా? అది ఒకటే అరుపు. ఇదిగో, నన్నిట్టా బోనులో పెట్టారు."

నాకు ఒళ్లు మండిపోయింది. మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"డేటా ప్రకారం ఆవిడ రోజూ మధ్యాహ్నం పడుతున్నారు సిస్టర్."

"రోజూ అదే వేళకు, తల కింద దిండు పెట్టుకుని మరీ పడతారా సార్?"

"అవన్నీ సిస్టమ్ చూసుకుంటుంది. మీరు కడ్డీలు ముట్టుకోకండి."

ముట్టుకున్నాను. ఊడదీసి గోడ వారన పడేశాను. ఆమెను మెల్లగా గచ్చు మీదకు దించి, చున్నీ నడుముకు చుట్టుకుని పక్కనే నేనూ పడుకున్నాను. రోబో దొర్లుకుంటూ వచ్చి అరుపు లంకించుకుంది. దాని తెర మీద మేనేజర్ మొహం వెలిగింది.

"ఎవరు పడ్డారు?"

"ఇద్దరం పడ్డాం సార్. ఇంకో జత కడ్డీలు పంపండి, నన్నూ కట్టేద్దురుగాని."

నాగరత్నమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే గోడ పట్టుకుని లేవబోయింది. మోకాళ్లు లేవలేదు. మళ్లీ ప్రయత్నించి, నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

ఆ తర్వాత, ఆ ఇంట్లో ఆమె గచ్చు మీద పడుకునే చోట అరవకుండా రోబోలో గుర్తు పెట్టారు. ఈ కేసుతో నాకు తెలిసొచ్చింది ఇదే: యంత్రం పెట్టే ముందు ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుని, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఎలా పడుకుంటారో చూడాలి. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా నేను చూశాకే స్విచ్చి వేయనిస్తున్నాను. నాగరత్నమ్మ మాత్రం ఇంకొకరు పట్టుకోనిదే ఇప్పటికీ లేవలేదు.

రోబో మీద నాకు కోపం లేదు, దానికేం తెలుసు? కానీ ఆ మేనేజర్ పుట్టి పెరిగింది తెనాలిలోనే. వాళ్లమ్మ కూడా ఎండాకాలం అన్నం తిని గచ్చు మీదే పడుకుని ఉంటుంది.