కోతపండుగ దాకా ఆపిన కంతు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, చిన్న అంగళ్లకు కూడా బ్యాంకులు అప్పులివ్వడం మొదలైన రోజుల మాట ఇది. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర మా ఆయనకు సైకిళ్ల అంగడి, ఊరి బయట కాస్త శనగకాయల చేను ఉండేవి. చేనుకు సొసైటీలో అప్పు తెచ్చేవాళ్లం, రుద్రవరంలోని మా అన్న మాకు జామీను. సంఘంలో కోతపండుగ జరిగి, మొదటి పంట దుడ్లు దేవుని పళ్లెంలో పడేదాకా పైసా బయటికి పోకూడదని మా అత్తగారి కాలం నుంచీ పద్ధతి, అందుకని ప్రతి యేడూ గడువు దాటాకే కంతు కట్టేవాళ్లం, వడ్డీతో కడుతున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లం!

అంగడి పెంచుదామని నంద్యాల బ్యాంకుకు పోతే, అక్కడి ఆఫీసరు సొసైటీలో విచారించాడు. అంగడి వేరు, చేను వేరు అని మా ఆయన బతిమాలాడు. "రెండిటికీ సంతకం పెట్టేది నువ్వే గదప్పా! గడువు తప్పుతావని చెప్పినారు, ఎట్ల ఇచ్చేది?" అన్నాడు ఆఫీసరు. ఆ మాట విని, సామాను అరువిచ్చే సేటు కూడా ఆపేశాడు. అంగడి మూతపడింది.

అదైనా ఓర్చుకునేవాళ్లం. బావి మోటారు కాలిపోయి మా అన్న అదే సొసైటీకి అప్పుకు పోతే, మా కంతు గడువు దాటి ఉన్నందుకు జామీనుదారుడని ఆయనకూ లేదన్నారు. పైరు నిలువునా ఎండిపోయింది. అన్న వచ్చి మా గడపలో నిలబడి, "మీరు పండుగ చేసుకుంటాండారు, నా చేను ఎండిపాయె! నేనేం చేసినానమ్మా మీకు?" అని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

చచ్చిపోదామనిపించింది సహోదరులారా! "తండ్రీ, నా అన్నను ఏడిపించి నీకు కానుక తెస్తాండా, క్షమించు" అని మోకాళ్ల మీద ఏడ్చాను. మరుసటి పంటకు పండుగ రాకముందే అప్పంతా తీర్చేశాం, పళ్లెంలో వేయడానికి గుప్పెడు శనగకాయలే మిగిలాయి. అన్నకు మోటారు అప్పు దొరికింది. మాకు మాత్రం జామీను నిలబడేవాళ్లు లేరు. చేను బీడు పడింది, మా ఆయన వేరేవాళ్ల అంగట్లో పంక్చర్లు వేశాడు. పోయిన పేరు తొందరగా రాదు.

ఒక యేడు విత్తనాల కాలంలో మేమిద్దరం సొసైటీ అరుగు మీద దిక్కులేక కూర్చుని ఉంటే, రుద్రవరం బస్సు దిగి మా అన్న వచ్చాడు! జామీను కావాలని నేను దేవునికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. నా వైపు చూడకుండానే లోపలికి పోయి జామీను సంతకం పెట్టి, "ఈ తడవ గడువు దాటనీకు బావా" అన్నాడు. దేవునికే మహిమ!

ఆయనను నమ్మండి సహోదరులారా. కట్టవలసిన కంతు ఉంటే ముందు అది కట్టి రండి, ఉత్త చేతులతో వచ్చినా ఆయన మిమ్మల్ని తోసివేయడు.