పరదా ఇవతల బజ్జీలు

పెళ్ళయిన కొత్తలో, ఎనభైల్లో, గురజాల బస్టాండు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయన రాళ్ళ లారీ డ్రైవరు. లోడు మీద వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నాకేమో నోరు ఊరుకోదు. మాచవరంలో మా పుట్టింట్లో ఇంటిల్లిపాదీ ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టి, పోట్లాడుకుంటూ తినేవాళ్ళం. ఇక్కడ సగం తిని లేచేదాన్ని. ఎవరితో మాట్లాడుతూ తినను?

మా గదికి నాలుగిళ్ళ అవతల, ఇంటి వసారాలోనే బల్లలు వేసి నడిపే ఒక చిన్న హోటలుండేది. మొగుడు వడ్డన, పెళ్ళాం వంట. వీధంతా వాళ్ళను బాబాయ్, పిన్ని అనే పిలిచేది. పిన్నికొక పిచ్చి. రోజూ సాయంత్రం ఎవరూ చెయ్యనిదేదో చేసేది. ఒకనాడు జొన్నదోసెలో మునగాకు, ఇంకోనాడు పెసర గారెల్లో దోసకాయ ముక్కలు. ఏం వేసిందో తను చెప్పదు, తిన్నవాళ్ళే చెప్పాలి. దాని మీద లారీలవాళ్ళు, కూలీలు చేసే గోల నా గదిదాకా వినపడేది. ఆ గోలలో కూర్చుని ఒక్కపూట తినాలని నాకెంత ఆశో!

ఒక ఎండాకాలం సాయంత్రం వెళ్ళాను.

“ఏమ్మా, కారేజీ తేలేదే? ఆకులో కట్టియ్యనా?” అన్నాడు బాబాయ్. ఆ రోజుల్లో ఆడది ఒంటరిగా హోటలుకొచ్చేది పొట్లం కట్టించుకుపోవడానికే.

“ఈడే తింటా బాబాయ్.”

“అల్లుడొస్తన్నాడా?”

“లోడు మీద పోయాడు. నేనొక్కదాన్నే.”

ఆయన తల గోక్కున్నాడు, కాదనలేదు. మూల ఆడవాళ్ళ బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, పాత చీరతో కుట్టిన పరదా సర్రున లాగేశాడు. ఎదురుగా సున్నం గోడ. పోనీలే, మాటలు వినపడుతున్నాయి కదా అనుకున్నాను.

ఆవేళ మిరపకాయ బజ్జీ. లోపల ఏదో పుల్లటి ముద్ద కూరింది పిన్ని.

“గోంగూరరా ఇది!” అంది పరదా అవతల ఒక గొంతు.

“గోంగూర పులుపు తెలవని నాలిక ఎందుకురా నీకు? కోసి కాకులకెయ్యి.”

“అయితే మావిడి తురుము.”

“మీ అత్త తురిమిందా?”

ఒకటే నవ్వులు. ఇవతల నేనూ నవ్వాను. మొదటి ముక్కకే నాకు తెలిసిపోయింది. ఆగలేకపోయాను.

“ఏందయ్యా మీరు! చింతచిగురు అది. నువ్వులు ఏయించి నూరి కలిపింది పిన్ని!”

అంతే, అన్ని నోళ్ళూ మూతబడ్డాయి. “ఆడోళ్ళున్నార్రా,” అని ఎవరో గొణిగారు. గ్లాసులు కూడా మెల్లగా దించుతున్నారు. “నా తల్లే, సరిగ్గా చెప్పావే!” అని పిన్ని వంటింట్లోంచి కేకేసి, ఇంకో బజ్జీ పంపింది. బయట మాత్రం మళ్ళీ మాట లేవలేదు. నాకు మర్యాద చేస్తున్నారు వాళ్ళు. ఆ మర్యాదకి రెండో బజ్జీ సగంలోనే వదిలేసి లేచాను.

ఆ వేసవిలో మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఒకనాడు పునుగుల్లో బీరతొక్కు వేసింది. వాళ్ళు సొరకాయ, కాదు పొట్లకాయ అని కొట్టుకుంటున్నారు.

“లోపలమ్మాయిని అడగండ్రా, చెప్తది,” అంది పిన్ని.

గోల సన్నగిల్లింది. తెలిసిన జవాబు బయటికి రాకుండా నేను ఒక పునుగు నోటినిండా కుక్కుకుని, గోడవైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎవరో, “సొరకాయేరా, పందెం!” అన్నారు. మళ్ళీ తిట్టుకోవడం మొదలైంది. అప్పుడు నమలడం మొదలుపెట్టాను.